వ్రాయని పట్టికకు కొలత

ఆచమనమున మనము చెప్పుకొను కేశవాది నామములు 24. శంఖ చక్ర గదా పద్మములు స్వామి నాలుగు చేతులలో మాఱి మాఱి నిలుచు రీతులును 24 మాత్రమే. భాస్కరాచార్యులు 1150లో రచించిన లీలావతిలో ఈ లెక్క యున్నది. ఆ ప్రక్కనే పది చేతుల శంభుని ఆయుధములను మార్చిన నెన్ని మూర్తులగునను ప్రశ్నయు నున్నది. దానికి సమాధానము 36,28,800. ఇరువదినాలుగు విగ్రహములను శిల్పి చెక్కగలడు. ముప్పదియాఱు లక్షలను ఎవరు చెక్కుదురు?

ఈ చిక్కును అంతకు పూర్వమే ఛందశ్శాస్త్రకారులు ఎదుర్కొనిరి. గురులఘువులు రెండే యైనను, పాదమున ఒక్కొక్క అక్షరము పెరిగినకొలది భేదములు రెట్టింపగును. చిన్ననాట పాఠశాలలో మేము నాలుగక్షరముల ప్రస్తారమును, 16 వరుసలను, పలకపై వ్రాసితిమి. ఐదింటికి పలక చాలలేదు. ఉత్పలమాల పాదమునకు 20 అక్షరములు. ఆ ప్రస్తారమున 10,48,576 వరుసలుండును. నిమిషమున కొకటి చొప్పున నిద్రాహారములు మాని వ్రాసినను 728 దినములు దాటును.

శాస్త్రకారులు ఆ పట్టిక ఆక్రమించు చోటును గూడ లెక్కించిరి. దానికి అధ్వయోగమని పేరు. వృత్తరత్నాకరమున కేదారభట్టు చెప్పిన విధి యిది: వరుస కొక అంగుళము, నడుమ ఒక అంగుళము ఖాళీ, కావున వరుసల సంఖ్యను రెట్టించి ఒకటి తీసివేయవలెను. 20,97,151 అంగుళములు వచ్చును. అంగుళమును ముప్పాతిక ఇంచిగా గొన్నచో సుమారు 40 కిలోమీటర్లు. మన విశాఖ రేవు కడ మొదలిడిన పట్టిక అనకాపల్లి చేరును! 26 అక్షరముల ఉత్కృతికైనచో కాశికి పోయి మరలి రావచ్చును. ఇది నిష్ప్రయోజనమైన లెక్క యనువారు గలరు. మాకట్లు తోచదు. చేయరాని పని ఎంత పెద్దదో ముందుగా కొలిచినవాడే వేఱు దారి వెదకును.

ఆ దారియే ఉద్దిష్టము. అక్షరములపై వరుసగా 1, 2, 4, 8 అని రెట్టించుచు అంకెలు వేసి, లఘువులపై నున్నవానిని కూడి, ఒకటి కలుపవలెను. ఉత్పలమాల 3,55,799వ వృత్తమని ఇరువది అడుగులలో తేలును.

ఉక్కు కర్మాగారమున పనిచేయు భక్తులొకరు, "గురువుగారూ, కంప్యూటరుకిస్తే క్షణంలో వ్రాసేయదా?" అని మమ్మడిగిరి. వ్రాయును, కాదనము. కాని నాలుగు పాదములును వేర్వేఱుగా నుండవచ్చునన్నచో అక్షరములు 80, భేదములు 25 అంకెల సంఖ్య. సెకనుకు నూఱు కోట్లు వ్రాయు యంత్రమునకును 3 కోట్ల 83 లక్షల సంవత్సరములు, అనగా దాదాపు తొమ్మిది మహాయుగములు పట్టును. ఉద్దిష్టమునకో, ఎనుబది అడుగులే.

అయితే పది లక్షల వరుసలలో ఏది చెవికింపో ఉద్దిష్టమును చెప్పజాలదు. ఇరువది అక్షరములలో నన్నయభట్టారకుల నాటినుండి మన కవులు విరివిగా చేపట్టినవి ఉత్పలమాల, మత్తేభవిక్రీడితము, ఈ రెండే.