క్యాంపర్ సంసిద్ధత

పడక, వంటగట్టు, నీళ్ల ట్యాంకు ఉన్న విహార వాహనాన్ని ఒక ప్రయాణం ముగిశాక మరోదానికి సిద్ధంగా ఉంచే పని. అమెరికా, కెనడాల్లోని చలి ప్రాంతాల్లో చాలా క్యాంపర్లు శీతకాలమంతా కదలవు. అప్పుడు అసలు ముప్పు నీటితోనే. గడ్డకడితే నీటి ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరిగి గొట్టాలు, పంపు, కుళాయిలు పగులుతాయి. అందుకే ట్యాంకులు, వాటర్ హీటర్ ఖాళీ చేసి, గొట్టాల్లోకి ప్రొపిలీన్ గ్లైకాల్ కలిసిన గులాబీరంగు ద్రవం ఎక్కిస్తారు. కార్ల రేడియేటర్లలో వాడే ఇథిలీన్ గ్లైకాల్ విషం. తాగునీటి గొట్టాల్లో దాన్ని ఎన్నడూ పోయకూడదు. వసంతంలో గొట్టాలు కడిగి, పలుచని బ్లీచ్ నీటితో శుద్ధి చేసి, వాసన పోయేదాకా మళ్లీ కడుగుతారు.

లెడ్-యాసిడ్ బ్యాటరీ వాడకపోయినా ఛార్జి కోల్పోతుంది. అలా ఖాళీ అయినది త్వరగా గడ్డకడుతుంది. ఫ్రిజ్ తలుపు ఓరగా తెరిచి ఉంచితే బూజు పట్టదు.

దుప్పట్లు, గిన్నెలు, టార్చిలైట్లు బండిలోనే ఉండవచ్చు. బియ్యం, పిండి మాత్రం ఇంట్లోకి తెచ్చేయడమే మేలు: వాటికోసం వచ్చిన ఎలుకలు వైర్లనూ కొరుకుతాయి. అయిపోయిన సరుకులను తిరిగొచ్చిన రోజే రాసిపెట్టుకోవాలి. బయలుదేరే ముందు టైర్ల గాలి, గ్యాస్ లీకు, కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పక పరీక్షించాలి.