చేతి వైర్‌లెస్ సెట్లు – నాడు, నేడు

“పాత సెట్టు మంచిదా, కొత్తది మంచిదా?” నాకు హామ్ రేడియో పిచ్చి ఉందని తెలిసిన మన సభ్యులు తరచు అడిగే ప్రశ్న ఇది. ఈ ప్రత్యేక సంచిక పుణ్యమా అని జవాబు చెప్పే అవకాశం దొరికింది.

1970లలో చేతి సెట్టుకు ఒక్కో ఫ్రీక్వెన్సీకి విడిగా క్రిస్టల్స్ కొని బిగించుకోవలసి వచ్చేది. ఆ బాధ తప్పించిన వాటిలో 1980 ప్రాంతంలో జపాన్ నుంచి వచ్చిన ఐకామ్ ఐసీ-2ఏటీ పేరు ముందు చెప్పాలి. నెత్తిన వేలితో తిప్పే అంకెల చక్రాలు, 1.5 వాట్ల శక్తి. నా దగ్గర ఒకటుంది.

2012లో చైనా వారి బావోఫెంగ్ యూవీ-5ఆర్‌తో చవక సెట్ల కాలం మొదలైంది. రెండు బ్యాండ్లు, 4 వాట్లు, పెన్షనరుకు అందే ధర. 4 వాట్లనగానే మూడింతల దూరం పోతుందనుకోకండి. పెరిగేది 4 డెసిబెల్స్ పైచిలుకే. అవతలి మీటరు ఒక్క ఎస్-యూనిట్ జరగాలంటే 6 కావాలి. పొట్టి రబ్బరు ఏంటెన్నా తీసి 19 అంగుళాల తీగ పెడితే దాదాపు అంత లాభమూ రావచ్చు.

అసలు తేడా వినడంలో ఉంది. మిత్రుడొకరు వేరే పేరుతో వచ్చిన చవక సెట్టు ఇస్తే, అనంతగిరి గుట్ట మీద నా పాతదాని పక్కన పెట్టి చూశాను. సన్నని సిగ్నల్ పట్టడంలో కొత్తది ఏమాత్రం తీసిపోలేదు. హైదరాబాదులో, పెద్ద ట్రాన్స్‌మిటర్ కనిపించే మేడ మీద మాత్రం దానికి చెవుడొచ్చింది. పాతది వింటూనే ఉంది.

కారణం ఉంది. పాత సెట్టు గుమ్మంలోనే తన ఒక్క బ్యాండుకు ట్యూన్ చేసిన కాయిల్స్ ఉంటాయి. ఆ తరవాత సిగ్నల్‌ను రెండు మెట్లలో, సుమారు 10.7 మెగాహెర్ట్జ్‌కూ, 455 కిలోహెర్ట్జ్‌కూ దించి, మెట్టు మెట్టుకూ వడగడుతుంది. చవక సెట్టులో ఆ వడపోతంతా గోరంత చిప్పు లెక్కలు కట్టి చేస్తుంది. లెక్కలు బాగానే కడుతుంది, కాని 136 నుంచి 174 మెగాహెర్ట్జ్ దాకా అన్నీ వినాలని వాకిలి బార్లా తీసిపెట్టారు. బలమైన పొరుగు సిగ్నల్ లెక్కల దాకా రాకముందే గలాటా చేసేస్తుంది. కొత్తవన్నీ ఇంతేననడం అన్యాయం. పాత పద్ధతిలోనే కట్టిన ఖరీదైన సెట్లు ఈ శతాబ్దంలోనూ వచ్చాయి.

1977 దివిసీమ ఉప్పెన, 1996 కోనసీమ తుఫాను చూసినవాళ్లం మనం. ఫోన్లు మూగబోయినప్పుడు సహాయ కేంద్రంలో ఒకే గదిలో నాలుగైదు సెట్లు మాట్లాడతాయి. చెవుడొచ్చేది సరిగ్గా అక్కడే. అందుకే లైసెన్సు తీసుకున్న కుర్రాళ్లకు చెబుతుంటాను: ఊళ్లలో తిరిగేవారు చవకవి పట్టుకెళ్లండి, కేంద్రంలో బల్ల మీద మాత్రం పాతదో ఖరీదైనదో పెట్టండి. పాతదానికి బ్యాటరీ దొరకదని దిగులక్కర్లేదు, నాది పెన్సిల్ సెల్స్‌తోనే నడుస్తోంది.