పదును – కోనసముద్రం కొలిమి నుండి ద్రవ నత్రజని దాకా

తెలుగులో ‘పదును’ అనే మాటకు రెండు ఇళ్లున్నాయి. ఒకటి పొలం, రెండవది కొలిమి. వాన వెలిసిన తరువాత నేల మరీ బురదగానూ ఉండక, మరీ బిగిసిపోనూ పోక, నాగలికి లొంగే స్థితిలో ఉన్నప్పుడు రైతు నేల పదునుగా ఉందంటాడు. ఎర్రగా కాలిన కొడవలిని నీట ముంచి తీసిన కమ్మరి పదును పెట్టానంటాడు. ఒకచోట తడి, మరొకచోట వాడి. పైకి పొత్తు లేనట్లు కనిపించే ఈ రెండు అర్థాలను కలిపే సూత్రం ఒక్కటే: తగిన సమయంలో తగినంత నీరు. అందుకే మన పెద్దలు ‘అదనూ పదనూ చూసి’ అని జంటగా పలికారు.

ఉక్కు చరిత్ర చెప్పేవారు సాధారణంగా నిప్పును గురించి చెబుతారు. ఎంత వేడి, ఏ బొగ్గు, ఎన్ని తిత్తులు అని లెక్కలు కడతారు. కాని ఉక్కు గుణం వేడిలో కంటె చల్లారడంలోనే ఎక్కువగా నిర్ణయమవుతుంది. ఈ టపాలో నేను చెప్పదలచినది ఆ చల్లదనపు చరిత్ర. అది మన తెలంగాణపు పల్లెలో మొదలై, లండను, పారిసు, క్రాకోల మీదుగా తిరిగి మన హైటెక్ సిటీ పక్కవీథికే వచ్చింది.

హైదరాబాదుకు ఉత్తరాన, నిజామాబాదు జిల్లాలో, కమ్మర్‌పల్లి ప్రాంతాన కోనసముద్రం అనే ఊరుంది. కమ్మర్‌పల్లి అన్న పేరులోనే కమ్మరులున్నారని వేరే చెప్పనక్కరలేదు. ఈ ప్రాంతపు ఇనుము, ఉక్కుల పేరు 17వ శతాబ్దం నాటికే విదేశాలకు పాకింది. 1666-67 ప్రాంతంలో ఈ దారిన ప్రయాణించిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో, ఇందల్వాయిలో కత్తులు, బాకులు, ఈటెలు తయారై దేశమంతటా అమ్ముడుపోతున్నాయని వ్రాసుకొన్నాడు. వజ్రాల వర్తకుడు తావెర్నియే, పారశీకంలో జౌహరు చారలు తేలే కత్తులకు గోల్కొండ రాజ్యపు ఉక్కే కావాలని చెప్పాడు. లోకం ‘డమాస్కస్ కత్తి’ అని కొనియాడిన దానిలో డమాస్కస్‌ది పేరు. ముడిసరుకులో చాలాభాగం మనది.

కోనసముద్రపు పనిని కళ్లారా చూసి వివరంగా వ్రాసినవాడు హెన్రీ వాయిసీ. ఈయన లాంబ్టన్ నడిపిన మహా త్రికోణమితి సర్వేలో వైద్యుడు, భూగర్భశాస్త్రజ్ఞుడు. 1824లో మరణించాడు. ఆయన వ్రాసిపెట్టిన వివరం 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు వేర్వేరు చోట్ల నుండి తెచ్చిన ఇనుమును కలిపి మట్టి మూసలలో పెట్టేవారు. ఒక రాత్రి, ఒక పగలు తిత్తులు ఊది కరిగించేవారు. ఇంతవరకు నిప్పు పని. అసలు నేర్పు ఆ తరువాత ఉంది. మూసను పగులగొట్టి తీసిన ఉక్కు బిళ్ల చాలా కఠినంగా ఉంటుంది. సమ్మెటతో కొడితే పెళుసుగా విరుగుతుంది. అందువల్ల దానికి మట్టి పూసి, మళ్లీ కొలిమిలో పన్నెండు మొదలు పదహారు గంటలు ఉంచి, తీసి చల్లార్చేవారు. సాగదీయడానికి లొంగేదాకా ఈ పని మూడు నాలుగు సార్లు జరిగేది. ఉక్కును కొనడానికి ఇస్ఫహాను నుండి వచ్చిన వర్తకుడు కొలిమి దగ్గరనే ఉండి పని చూసుకొనేవాడట. తమ దేశంలో ఇదే ఉక్కును చేయబోయి విఫలమయ్యామని పారశీకులు చెప్పేవారట.

ఆ వైఫల్యానికి కారణం ఇటీవలనే తేటపడింది. అమెరికాలో అయోవా స్టేట్ విశ్వవిద్యాలయపు లోహశాస్త్రజ్ఞుడు జాన్ వెర్హోవెన్, ఫ్లోరిడాలో సొంత కొలిమి నడుపుకొన్న కమ్మరి ఆల్ఫ్రెడ్ పెండ్రే కలిసి ఏళ్లతరబడి ప్రయత్నించి, 1998లో తమ ఫలితాలను ప్రకటించారు. ఉక్కులో సుమారు ఒకటిన్నర శాతం కర్బనం, దానితోపాటు అత్యల్పమైన వెనేడియం వంటి లోహపు జాడ ఉండాలి. మళ్లీ మళ్లీ వేడిచేసి చల్లార్చినప్పుడు కర్బన సమ్మేళనాలు ఆ జాడల వెంట వరుసలు కడతాయి. ఆ వరుసలే కత్తిమీద నీటి అలల వంటి చారలు. అంటే, ఖనిజం ఏ గుట్టనుండి వచ్చిందనేదీ, ఎన్నిసార్లు ఎంత నెమ్మదిగా చల్లార్చారనేదీ రెండూ ముఖ్యమే. ఒక విద్వాంసుడు, ఒక కమ్మరి కలిస్తేగాని ఆ గుట్టు విడలేదన్న సంగతి నాకు మిక్కిలి నచ్చింది.

ఇక లండనుకు పోదాము. 1794లో బొంబాయి నుండి హెలెనస్ స్కాట్ అనే వైద్యుడు రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బాంక్స్‌కు కొన్ని ఉక్కు ముద్దలు పంపాడు. మరుసటి ఏడు జార్జ్ పియర్సన్ వాటిపై పరిశోధన ప్రకటించాడు. అప్పుడే ఈ ఉక్కుకు ఇంగ్లీషులో ‘వూట్జ్’ అనే పేరు స్థిరపడింది. ఇది మన తెలుగు కన్నడాల ‘ఉక్కు’ వినడంలోనో వ్రాయడంలోనో చెదిరి ఏర్పడిన రూపమని పండితులు భావిస్తున్నారు. మనకు ఉక్కు అంటే లోహమే కాదు, శౌర్యం కూడా. ‘ఉక్కడగించాడు’ అంటే పొగరు అణచాడని అర్థం. పరదేశానికి పోయి ఉక్కు తన పేరు పోగొట్టుకొన్నది గాని, ఉక్కు చెడలేదు.

ఆ ఉక్కును పరీక్షించినవారిలో మైకేల్ ఫారడే ఉన్నాడు. ఆయన తండ్రి కమ్మరి. శస్త్రచికిత్స కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి ఫారడే 1819 నుండి 1822 వరకు ఈ ఉక్కును విశ్లేషించి, అటువంటి మిశ్రమాలు చేయడానికి ప్రయత్నించాడు. దీని గుణానికి కారణం అందులోని అల్యూమినియం వంటి పదార్థమనుకొన్నాడు. అది నిలవలేదు. కారణం కర్బనమని పారిసులో బ్రెయాన్ చూపించాడు.

ఇదే ఫారడే మరొక పని కూడా చేశాడు. 1823లో క్లోరిన్ వాయువును ద్రవంగా మార్చాడు. 1845 నాటికి అనేక వాయువులను లొంగదీశాడు. కాని ఆరు వాయువులు ఎంత ఒత్తిడికీ, ఎంత చలికీ లొంగలేదు. వాటిలో నత్రజని ఒకటి. కమ్మరి కొడుకు చేత ఒకనాడు మన ఉక్కు ఉండగా, మరొకనాడు నత్రజని ఉన్నది. రెండూ ఆయనకు పూర్తిగా లొంగలేదు. ఆ రెండింటికీ ఒకదానితో ఒకదానికి ముందుముందు పని పడుతుందని ఆయనకు తెలిసే వీలూ లేదు.

ఫ్రాన్సులో తండ్రి ఇనుప కర్మాగారంలో పెరిగిన కైయెటే 1877లో ఆ వాయువులను పొగమంచు తుంపరగా క్షణకాలం చూడగలిగాడు. 1883లో పోలండు దేశపు క్రాకో నగరంలో వ్రూబ్లెవ్‌స్కీ, ఓల్షెవ్‌స్కీ అనే ఇద్దరు నత్రజనిని పాత్రలో నిలిచే ద్రవంగా చేశారు. 1892లో జేమ్స్ డ్యూయర్ శూన్యపు గోడలుగల పాత్రను కల్పించాడు. మన ఇళ్లలోని థర్మోస్ ఫ్లాస్కుకు అదే మూలం. 1895లో జర్మనీలో లిండె గాలిని పెద్ద ఎత్తున ద్రవీకరించే యంత్రాన్ని నడిపాడు. అక్కడినుండి ద్రవ నత్రజని కొనుక్కొనే సరుకైంది. అది మరిగే ఉష్ణోగ్రత సున్నకు దిగువన 196 డిగ్రీలు. నేడు పల్లెల పశువైద్యశాలలలో ఎద్దువీర్యాన్ని భద్రపరచే పాత్రలలో ఉండేది ఇదే. మాదాపూరు దుకాణాలలో పిల్లల ముందు పొగలు గ్రక్కే ఐస్‌క్రీము చేసేదీ ఇదే.

1998లో సైబర్ టవర్స్ ఆరంభమైనప్పుడు మాదాపూరు గుట్టలు, రాళ్లు. ఇప్పుడు ఆ చుట్టుపట్ల అద్దాల మేడలలో నా వద్ద చదువుకొన్న పిల్లలు అనేకులు ఉద్యోగాలు చేస్తున్నారు. వారిలో ఒకడు సెలవుదినాలలో ఇంటి వెనుక రేకుల కొట్టంలో వంటింటి కత్తులు చేస్తాడు. విద్యుత్తు కొలిమి, సానబట్టే యంత్రం, ద్రవ నత్రజని పాత్ర ఉన్నాయి. “మాస్టారూ, కత్తిని ఇందులో ముంచడానికి తెలుగులో మాట ఉందాండీ?” అని అడిగాడు. మాట చెప్పాలంటే ముందు పని తెలియాలి గనుక అతడిచేత పని చెప్పించుకొన్నాను. చెప్పినది పుస్తకాలతో సరిచూసుకొన్నాను.

బాగా కాలిన ఉక్కులో అణువుల అమరిక ఒక తీరున ఉంటుంది. శాస్త్రజ్ఞులు దానిని ఆస్టెనైట్ అన్నారు. అది మెత్తనిది. నూనెలోనో నీటిలోనో గబాలున చల్లార్చితే అది మార్టెన్‌సైట్ అనే కఠినమైన అమరికగా మారుతుంది. పదును పెట్టడమంటే ఇదే. ఇక్కడ ఒక చిత్రముంది. ఈ మార్పు ఎంతసేపు ఉంచామన్నదానిపై కాక, ఎంత చలికి దించామన్నదానిపై ఎక్కువగా ఆధారపడుతుంది. మామూలు కొడవలి ఉక్కులో గది చలికే పని దాదాపు పూర్తవుతుంది. కర్బనం, క్రోమియం ఎక్కువైన ఉక్కులో గది చలి చాలదు. కొంత ఆస్టెనైట్ మారక మిగిలిపోతుంది. అటువంటి కత్తి అంచు అనుకొన్నంత గట్టిగా ఉండదు. అప్పుడు ద్రవ నత్రజనిలో ముంచితే మిగిలినదానిలో చాలాభాగం మారుతుంది. కాఠిన్యపు కొలతలో ఒకటి రెండు అంకెలు పెరుగుతాయి. ఆలస్యం చేయకూడదు, గదిలో ఊరక ఉంచితే మిగిలిన ఆస్టెనైట్ మొండికేస్తుంది. చల్లార్చిన వెంటనే ముంచాలి. ఆపై సుమారు 150 నుండి 200 డిగ్రీల వేడిలో ఒకటి రెండుసార్లు ఉంచి పెళుసుదనం తగ్గించాలి. అదనూ పదనూ అంటే ఇంతకంటె ఏమున్నది!

ఇక్కడ ఒక భ్రమను తొలగించాలి. ద్రవ నత్రజని తెస్తే కోనసముద్రపు కత్తి తయారుకాదు. ఆ చారల కత్తులలో చాలావాటి గుణం నెమ్మదిగా చల్లార్చడం వలన వచ్చింది. అవి నేటి కత్తులంత కఠినమైనవి కావు. అతిశీతలపు పని నేటి మిశ్రమ ఉక్కులకు. ఇది పాత విద్యకు కొనసాగింపు కాదు, అదే ప్రశ్నకు మరొక జవాబు. ఆ ప్రశ్న ఏమంటే: ఈ లోహం ఎంత చల్లారితే దానికి పదును?

ఇంటిలో ఈ పని చేసేవారికి ఒక హెచ్చరిక. ఒక లీటరు ద్రవ నత్రజని ఆవిరైతే సుమారు ఏడు వందల లీటర్ల వాయువవుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో ప్రాణవాయువును తరిమివేస్తుంది. మనిషికి ఊపిరాడడం లేదని తెలిసేలోపే స్పృహ తప్పుతుంది. పాత్రకు బిగుతైన మూత పెడితే పగిలిపోతుంది. తలుపులు తెరచి, కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకొని, ఒక మనిషి తోడుండగా చేయాలి. మా శిష్యునికి ఇంతకుమించి నేను నేర్పగలిగింది లేదు.

హైదరాబాదుకు ఉక్కు విద్య లేక కాదు. 1963లో ఇక్కడ రక్షణ లోహ పరిశోధనశాల వచ్చింది. 1973లో మిశ్రధాతు నిగం ఏర్పడింది. రెండూ కంచన్‌బాగులోనే. 2010లో బెంగుళూరు జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఉత్తర తెలంగాణ పల్లెలు తిరిగి చిట్టెపు దిబ్బలను, మూసల పెంకులను పరిశీలించారు. వస్తువులు దొరికాయి. విద్య తెలిసిన చేతులు మాత్రం పోయాయి. 19వ శతాబ్దంలో విలాయతీ ఉక్కు చవుకగా దిగుమతై, 1856 తరువాత బెస్సెమర్ పద్ధతి వచ్చి, బొగ్గుకు అడవి కరవై కొలిములు ఆరిపోయాయి. వాయిసీ వ్రాశాడు గనుక ఒక కోనసముద్రం మిగిలింది. వ్రాయనివి ఎన్ని పోయాయో!

చేతులతోపాటు మాటలు కూడా పోతున్నాయి. కొలిమి, తిత్తి, మూస, పటకారు, సమ్మెట, దాగలి, చిట్టెం – ఇవి ఇంకా ఉన్నాయి. మట్టి పూసి పదహారు గంటలు ఉంచే ఆ పనిని కోనసముద్రంలో ఏమని పిలిచేవారు? ఉక్కు పదునెక్కినప్పుడు కనిపించే రంగులకు కమ్మరులు పెట్టిన పేర్లేమిటి? వాయిసీ ఇంగ్లీషులో వ్రాశాడు. ఆ తెలుగు మాటలు ఆయన కాగితం మీదికి రాలేదు. శిష్యునికి నేను ‘అతిశీతల పదును’ అని ఒక మాట కూర్చి ఇచ్చాను. అది పండితుడు కూర్చిన మాట, కమ్మరి మాట కాదు. రెంటికీ తేడా నాకు తెలుసు.

మిత్రులారా, మీ ఊళ్లలో నేటికీ కొలిమి నడిపే ముసలివారుంటే ఒకసారి వెళ్లి కూర్చోండి. వారు పదును పెట్టేటప్పుడు వాడే మాటలను ఉన్నవున్నట్లు, మీ మాండలికంలోనే వ్రాసుకొని, ఊరి పేరుతో సహా ఇక్కడ వ్యాఖ్యగా వ్రాయండి. ఒక్క మాటైనా చాలు.