అచ్చులో మిగిలిన పావుమైలు

సికింద్రాబాద్ స్టేషన్లో పదో నంబరు ప్లాట్‌ఫారం వైపు బయటికొస్తే బోయిగూడ. టింబర్ డిపోలు, కోత మిల్లుల చప్పుడు, రంపపు పొట్టు వాసన. అక్కడ మా ఇంటి కిటికీ అద్దానికి ప్రతి ఎండాకాలం ఒక కాగితం అంటించి ఉంటుంది. నీళ్లలో నానబెట్టి అతికించే డెకాల్ షీటు అది. యాభై ఏళ్లకు పసుపెక్కిన కాగితం మే నెల ఎండకు మెల్లగా తెల్లబడుతుంది. అది వచ్చిన పెట్టెలో ఒక డ్రాగ్ రేసు కారు బొమ్మ, అతికించి చేసుకునే విడి ముక్కల కిట్టుగా ఉంది. మెత్తటి వినైల్ టైర్లలోని నూనె పదార్థం ఏళ్ల తరబడి ఊరి, ఆనుకుని ఉన్న చక్రాన్ని కరిగించేసింది. పాత కిట్లు సేకరించేవాళ్లందరికీ తెలిసిన జబ్బే ఇది.

డ్రాగ్ రేసంటే రెండు కార్లు పక్కపక్కన నిలబడి పావుమైలు, అంటే 402 మీటర్లు, నేరుగా దూసుకుపోవడం. మలుపుల్లేవు, రెండో చుట్టు లేదు. కాలిఫోర్నియా కుర్రాళ్లు పాత ఫోర్డులకు బలమైన ఇంజన్లు బిగించి ఎండిన సరస్సుల మీద, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఖాళీపడిన సైనిక రన్‌వేల మీద తోలేవారు. మద్రాసు దగ్గర షోలవరంలోనూ యుద్ధకాలపు రన్‌వేనే తర్వాత రేసు ట్రాక్ అయింది. అమెరికాలో 1951లో వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ స్థాపించి ఈ పందేలకు నిబంధనలు తెచ్చాడు. 1955లో కాన్సాస్‌లోని గ్రేట్ బెండ్‌లో తొలి జాతీయ పోటీలు జరిగాయి.

కార్ల కిట్లకు పుట్టిల్లు మాత్రం రేసు ట్రాక్ కాదు, షోరూము. డెట్రాయిట్ ప్రాంతంలో 1948లో మొదలైన ఏఎంటీ, కొత్త కార్ల చిన్న నమూనాలు చేసి డీలర్లకు ఇచ్చేది. అసలు కారులో ఇరవై అయిదో వంతు అనే కొలత ఆ నమూనాల నుంచే వచ్చింది. 1958లో అదే కంపెనీ ముక్కలు విడివిడిగా పెట్టి అమ్మడం మొదలుపెట్టింది. ఒకే పెట్టెతో షోరూము కారు చేసుకోవచ్చు, సోకులు చేసిన కారు చేసుకోవచ్చు, రేసు కారూ చేసుకోవచ్చు. చాలామంది పిల్లలకు డ్రాగ్ రేసు పరిచయమైంది ఆ మూడో కారుతోనే. కాలిఫోర్నియా నుంచి రెవెల్, షికాగో నుంచి మోనోగ్రామ్, 1963లో మొదలైన ఎంపీసీ పోటీలోకి దిగాయి.

ఆ దశాబ్దంలో కిట్లు రేసు వెంటే పరిగెత్తాయి. 1966లో ఫైబర్‌గ్లాస్ ఒళ్లు మొత్తం మూతలా పైకి లేచే మెర్క్యురీ కామెట్లు ట్రాక్ మీదికి రాగానే బల్లల మీదా మూతలు లేచాయి. 1970లో హాట్ వీల్స్ బొమ్మల మాటెల్ కంపెనీ డ్రాగ్ రేసర్లు డాన్ ప్రుడోమ్, టామ్ మెక్‌యూయెన్‌లకు స్పాన్సరైంది. ఒకరి మారుపేరు పాము, ఇంకొకరిది ముంగిస. ఒకరి కారు పసుపు, ఇంకొకరిది ఎరుపు. అంతదాకా కారును చూసి బొమ్మ చేసేవారు. అప్పట్నుంచి కారు పరుగెత్తిందే బొమ్మల డబ్బుతో. అదే ఏడాది మార్చి 8న మరో రేసరు డాన్ గార్లిట్స్ కారులో ట్రాన్స్‌మిషన్ పేలి, అతని కుడిపాదంలో కొంత భాగం పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఇంజన్‌ను డ్రైవరు వెనక్కి జరిపి కొత్త కారు కట్టాడు. 1971లో దానితో గెలవడం మొదలుపెట్టాక అందరూ అదే దారి పట్టారు. కిట్లలోనూ ఇంజన్ వెనక్కి వెళ్లింది.

ఊహల కార్లకూ కిట్లొచ్చాయి. ఎడ్ రాత్ ఫైబర్‌గ్లాస్‌తో చేసిన బీట్నిక్ బాండిట్, మిస్టీరియన్ లాంటి వింత కార్లను రెవెల్ పెట్టెల్లోకి తెచ్చింది. ఆ కోవకు చెందినవాడు మన ఊళ్లోనూ ఉన్నాడు. బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియంలో కె. సుధాకర్ చేసిన బర్గర్ కారు, బూటు కారు, క్రికెట్ బంతి కారు కనిపిస్తాయి. 2005లో ఆయన చేసిన 41 అడుగుల 7 అంగుళాల ఎత్తు మూడుచక్రాల సైకిల్ గిన్నిస్ పుస్తకానికెక్కింది. రాత్ కార్లను పిల్లలు ఇళ్లలో అతికించుకున్నారు. సుధాకర్ కార్లను టికెట్టు కొని చూసి వస్తున్నాం.

కిట్టు ముక్కలు పోతపోసే ఉక్కు అచ్చు, అంటే డై, చెక్కించడం ఖరీదైన పని. అందుకే కంపెనీలు కొత్త కారు కావాల్సి వచ్చినప్పుడు తరచూ పాత డైనే కోసి, పూడ్చి మార్చేవి. ఒకసారి మార్చాక పాత కారు మళ్లీ రాదు. అసలు కార్లదీ అదే బతుకు: ఒళ్లు కాలిపోతే పారేసి, ఇంజన్ పీకి మరో చట్రానికి బిగించేవారు. అలా కారూ పోయి డై కూడా పోయినచోట మిగిలింది అమ్ముడుపోని పెట్టెలే. 1973 చమురు సంక్షోభంతో ప్లాస్టిక్ ధర పెరిగింది, తర్వాత వీడియో గేములొచ్చాయి. 1986లో రెవెల్, మోనోగ్రామ్ ఒక్కటయ్యాయి. ఇప్పుడు రౌండ్ 2 అనే సంస్థ ఏఎంటీ, ఎంపీసీ పాత కిట్లను మళ్లీ అచ్చు వేస్తోంది, డై మిగిలి ఉన్నంత మేరకు.

ఇక్కడికి ఆ పెట్టెలు చేరడం ఎప్పుడూ కష్టమే. వినియోగ వస్తువుల దిగుమతి పరిమితులు 2001 ఏప్రిల్ 1న గానీ పూర్తిగా తొలగలేదు. 2020లో బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. అందుకే మా పెట్టెలకు దారి చుట్టాల సూట్‌కేసే.

విడి ముక్కలు అతికించి బొమ్మ చేయడం తెలుగువాళ్లకు కొత్తేం కాదు. కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో చేతులు, కాళ్లు, తల వేర్వేరుగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. అక్కడ డై లేదు, పోయేదల్లా చేతిపనే. మక్కు ఆరాకే ఆ బొమ్మకు ప్రాణమూ, ధరా. పాత కిట్టు సంగతి తలకిందులు: జిగురు తగిలిందా, సేకరించేవాళ్ల లెక్కలో దాని విలువ పడిపోయినట్టే.

డెకాల్ తెల్లబడింది. కరిగిన చక్రానికి పుట్టీ పూసి రాచాను. చుట్టాలకు ఇంకో పెట్టె తెమ్మని చెప్పను. ఇక జిగురు సీసా మూత తీయాలి.