నర్సులు చాలకపోవడం వెనుక ఉన్న లెక్క



మన వేలూరు, గుడియాత్తం, చిత్తూరు ప్రాంతాల ఇళ్లలో ఎవరినైనా ఆసుపత్రిలో చేర్చాలంటే మొదట వచ్చే మాట, "తోడు ఎవరుంటారు?" అని. కొన్నేళ్ల క్రితం మా అమ్మకు తోడుగా నేను ఒక ఆసుపత్రిలో పది రోజులున్నాను. రాత్రిపూట వార్డు మొత్తానికి ఒక్క నర్సమ్మే. సెలైను సీసా అయిపోవస్తోందని పరుగెత్తి చెప్పేదీ, రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టేదీ ఇంటివాళ్లమే. బడికి సెలవు పెట్టిన నాకు జీతం పోలేదు. పక్క మంచం దగ్గర భర్తకు తోడున్న బీడీలు చుట్టే అమ్మకు మాత్రం ఆ పది రోజుల కూలీ పోయింది.

నర్సులు ఎందుకు చాలడం లేదు? చదివేవాళ్లు లేకనా? చరిత్ర చూస్తే వేరే జవాబు దొరుకుతుంది.

స్వాతంత్ర్యానికి ముందు, 1943లో సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. 1946లో ఆ కమిటీ ఇచ్చిన నివేదికలో దేశం మొత్తానికి డాక్టర్లు సుమారు 47,500 మంది, నర్సులు సుమారు 7,000 మంది. అంటే దాదాపు ఏడుగురు డాక్టర్లకు ఒక నర్సు! జనాభాతో చూస్తే 43,000 మందికి ఒక నర్సు. 1971 నాటికి 500 మందికి ఒక నర్సు ఉండాలని కమిటీ కోరింది. ఆ గడువుకు మనం దరిదాపుల్లోకి కూడా చేరలేదు.

చదువు చెప్పేవాళ్లు లేకపోలేదు. మన వేలూరులోనే ఐడా స్కడర్ గారు 1909లో నర్సుల బడి పెట్టారు. 1946లో అక్కడే డిగ్రీ చదువు కూడా మొదలైంది. అయితే పరాయివాళ్లను తాకే పని అనీ, రాత్రి డ్యూటీ అనీ చాలా కుటుంబాలు ఆడపిల్లలను పంపలేదు. గౌరవం లేని పనికి జీతమూ తక్కువే పెట్టారు. అనేక ఆసుపత్రుల్లో శిక్షణలో ఉన్న పిల్లలే వార్డులు నడిపారు. భోజనం, వసతి, కొద్దిపాటి స్టైపెండుతో పని జరిగిపోతుంటే, చదువు ముగించినవాళ్లకు పూర్తి జీతమిచ్చి పెట్టుకునే తొందర ఎవరికుంటుంది?

మీరు అడగవచ్చు: సరుకు కొరతైతే ధర పెరగాలి కదా, జీతం ఎందుకు పెరగలేదు? మామిడి కాలం గుర్తు తెచ్చుకోండి. కాయ కొనే గుజ్జు ఫ్యాక్టరీ ఒక్కటే అయితే ధర చెప్పేది రైతా, ఫ్యాక్టరీయా? నర్సుల సంగతీ అంతే. ఒక ఊళ్లో వాళ్లను పెట్టుకునే ఆసుపత్రులు ఒకటో రెండో. ప్రభుత్వంలోనైతే ఖాళీలెన్ని ఉన్నా, బడ్జెట్టులో డబ్బు కేటాయిస్తేనే ఉద్యోగం.

కొనేవాడు వేరేచోట దొరికినప్పుడు ఏమైందో చూడండి. 1960లలో కేరళ అమ్మాయిలు పశ్చిమ జర్మనీ ఆసుపత్రులకు వెళ్లారు. 1973లో చమురు ధరలు పెరిగాక గల్ఫ్ దేశాలు కొత్త ఆసుపత్రులు కట్టి వేలమందిని పిలిచాయి. ఇక్కడ కొరత, అక్కడ మన నర్సులు. కొన్ని ప్రైవేటు ఆసుపత్రులైతే వాళ్లు కదలకుండా సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుని, బాండు రాయించుకుని తక్కువ జీతానికి పనిచేయించుకున్నాయి. 2011, 2012లలో కేరళ నర్సులు సమ్మెలకు దిగారు. 2016లో సుప్రీంకోర్టు ఆదేశం మీద కేంద్రం వేసిన కమిటీ, 50 పడకలకు లోపు ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని సిఫారసు చేసింది. అమలు మాత్రం రాష్ట్రాల చేతిలో పెట్టారు.

కాబట్టి శ్రోతలారా, కొరత ఉన్నది మనుషులకు కాదు, పోస్టులకూ జీతాలకూ. నర్సుకు ఇవ్వకుండా మిగిల్చామనుకున్న డబ్బు నిజంగా మిగలలేదు. ఆ బీడీలు చుట్టే అమ్మ పది రోజుల కూలీ రూపంలో దాన్ని కట్టింది. మీ ఇంట్లో ఈసారి "తోడు ఎవరుంటారు?" అన్న మాట వచ్చినప్పుడు, ఆ తోడు కూలీని కూడా ఆసుపత్రి ఖర్చులో వేసి చూడండి.