పొట్లం, చిరునామా, ప్రోటోకాల్: దత్తాంశ ప్రసార పరిభాష

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం, అశోక్‌నగర్ శిక్షణ కేంద్రాలు పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే తెలుగు మాధ్యమ అభ్యర్థులకు నెలవులు. కంప్యూటర్ నెట్‌వర్కుల పరిభాష వారికి ఎక్కువగా టీసీపీ, ఐపీ, లాన్, వాన్ వంటి పొడి అక్షరాలుగా అందుతుంది. వాటి పూర్తి రూపాలు కంఠస్థమైనంత మాత్రాన భావం బోధపడదు.

శాస్త్రాన్ని ఏ భాషలో చెప్పాలన్న ప్రశ్న ఈ నగరానికి పాతదే. ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం 1917లో ఏర్పడిన అనువాద విభాగం ఉర్దూలో శాస్త్ర పరిభాషను రూపొందించింది. నారాయణగూడలోని మాడపాటి హనుమంతరావు బాలికల పాఠశాల 1928లో తెలుగు మాధ్యమంతో మొదలైంది. 1968లో నెలకొన్న తెలుగు అకాడమి పారిభాషిక పదకోశాలను వెలువరించింది.

నెట్‌వర్కుల విషయంలో గమనార్హమైన సంగతి ఒకటుంది. 1960ల మధ్యలో బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు డోనాల్డ్ డేవిస్, ఇతర భాషల్లోకి సులువుగా మారగల మాట కావాలని భాషావేత్తను సంప్రదించి మరీ ‘ప్యాకెట్’ను ఎంచుకున్నాడు. అనువాదాన్ని ముందే ఊహించి పుట్టిన పదమిది! తెలుగులో దానికి ‘పొట్లం’ సిద్ధంగానే ఉంది. అయినా వాడుకలో ప్యాకెట్టే నిలిచింది. అందులో తప్పు లేదు. వివరణ లేకపోవడమే లోపం. పాత టెలిఫోను పద్ధతిలో సంభాషణ ముగిసేదాకా ఒక మార్గం ఆ ఇద్దరికే కేటాయించి ఉండేది. ప్యాకెట్ పద్ధతి తపాలాకు దగ్గర. సందేశాన్ని ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ చిరునామా, వరుస సంఖ్య రాసి పంపుతారు. అవి వేర్వేరు దారుల్లో వెళ్లినా గమ్యంలో వరుసగా కూడుకుంటాయి. తప్పిపోయిన ముక్కను మళ్లీ పంపించుకుంటారు. చిరునామా, తపాలా అన్యభాషల నుంచి వచ్చి తెలుగైన మాటలే. ఈ వివరణకు సంస్కృత సమాసాల అవసరం కలగదు.

‘ప్రోటోకాల్’ది వేరే కథ. డేవిస్ పరిశోధనశాలలోనే 1967లో ఇది దత్తాంశ ప్రసారానికి అన్వయమైంది. తెలుగు పాఠకుడికి మాత్రం ‘ప్రోటోకాల్ ఉల్లంఘన’ అన్న వార్తల ద్వారా, మంత్రుల సభామర్యాదగా ముందే పరిచయం. ఆ పరిచయం అడ్డంకి కాదు. ఎవరు ముందు పలకాలి, ఎదుటివారు ఎలా బదులివ్వాలి, ఎప్పుడు ముగించాలి అన్న కట్టుబాటే రెండుచోట్లా ఉన్నది.

చిక్కంతా ‘బ్యాండ్‌విడ్త్’ వద్ద. ‘పట్టీ వెడల్పు’ అన్న మక్కీకిమక్కీ అనువాదం హెర్ట్జ్‌లలో కొలిచే రేడియో పౌనఃపున్యాలకు సరిపోతుంది. నెట్‌వర్కుల్లో ఆ మాటకు సెకనుకు ఎన్ని బిట్లు సాగగలవన్నది అర్థం. ఆంగ్లంలో పదం తన పాత అర్థాన్ని దాటి వచ్చింది. తెలుగు అనువాదం ఆ పాత అర్థం దగ్గరే ఆగిపోయింది. ఇక్కడ ‘ప్రసార సామర్థ్యం’ అనడమే మేలు.