లాగ్ బుక్కులో లేని గంటలు

‘అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి...’ రోడ్డు ప్రమాదంపై మన పోలీసు కాగితాల్లో తప్పకుండా కనిపించే మాటలివి. పత్రికలు వీటినే ఎత్తి రాస్తాయి. మన కథకుల్లో చాలామంది కూడా అక్కడే ఆగిపోయారు. ప్రమాదం జరిగేనాటికి ఆ డ్రైవరు స్టీరింగు పట్టి ఎన్ని గంటలైందన్న ప్రశ్న మాత్రం ఎవరికీ రాదు. ఈ మౌనానికి ఒక చరిత్ర ఉంది.

చట్టాలు లేక కాదు. డ్రైవరు ఐదు గంటలు నడిపితే అరగంట విశ్రాంతి ఇవ్వాలని, రోజుకు 9 గంటలు, వారానికి 54 గంటలు మించి నడిపించరాదని 1939 నాటి మోటారు వాహనాల చట్టమే చెప్పింది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8, వారానికి 48 గంటలన్నది. దూరప్రయాణాలకు 10, 54 వరకు సడలింపు ఇచ్చింది. కాని అది ఐదుగురు లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థలకే వర్తించింది. ఒకటి రెండు లారీలున్న యజమాని ఆ లెక్కలోకే రాడు.

ఇక్కడే బస్సు డ్రైవరుకూ లారీ డ్రైవరుకూ దారులు వేరయ్యాయి. 1932లో నిజాం సంస్థానం 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రారంభించిన రోడ్డు రవాణా శాఖే తర్వాత ఆర్టీసీకి మూలమైంది. అక్కడ డిపో ఉంది, డ్యూటీ చార్టు ఉంది, కనుక యూనియనూ ఏర్పడింది. పనిగంటల కాగితాన్ని చూపి కార్మికుడు వాదించగలిగాడు. లారీ డ్రైవరుకు డిపో ఏది? అతని తోటి కార్మికుడు ఎదురుగా లైట్లు వేసుకుని వచ్చి దాటిపోయేవాడే.

యూరప్‌లో 1970లో టాకోగ్రాఫ్ అనే యంత్రాన్ని లారీలకు తప్పనిసరి చేయబూనారు. బ్రిటన్ డ్రైవర్లు దాన్ని ‘క్యాబులో గూఢచారి’ అని ఈసడించారు. 1979లో యూరోపియన్ న్యాయస్థానం తీర్పు చెప్పేదాకా అక్కడి ప్రభుత్వం తప్పించుకుంటూ వచ్చింది. వారి అనుమానం నిరాధారం కాదు. అయితే ఆ యంత్రం వేగంతోపాటు గంటలనూ నమోదు చేసింది. అది యజమానికి వ్యతిరేకంగా కూడా సాక్ష్యమిచ్చే కాగితం. అదే 1979లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన 153వ ఒప్పందంలో డ్రైవరుకు విడిగా పనిగంటల పుస్తకం ఉండాలన్నది. భారతదేశం దాన్ని ఆమోదించలేదు.

మనకు దక్కింది సగం మాత్రమే. 2015 నిబంధనతో కొత్త రవాణా వాహనాల వేగాన్ని గంటకు 80 కిలోమీటర్ల దగ్గర కట్టేసే పరికరం వచ్చింది. 2018లో నేషనల్ పర్మిట్ లారీకి ఇద్దరు డ్రైవర్లుండాలన్న నియమాన్ని ఎత్తేశారు. ఆ ఏడాదే అలాంటి బండ్లలో జాడ తీసే పరికరం పెట్టాలన్న ముసాయిదా వెలువడింది. రెండో మనిషి దిగిపోతుంటే యంత్రం ఎక్కడం కాకతాళీయమని నేననుకోను.

మా అచ్చంపేట మీదుగా పోయే హైదరాబాదు–శ్రీశైలం రోడ్డులో మన్ననూరు దగ్గర అటవీశాఖ గేటు ఉంది. 1983లో ఈ నల్లమల పులుల సంరక్షణ పథకంలోకి వచ్చింది. మామూలు రోజుల్లో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా అడవిలోకి బండ్లను వదలరు. అక్కడ ఒక సాయంత్రం, ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే, లారీ పక్కన పక్క పరుచుకుంటూ కనిపించాడు.

“యాడన్న నిద్రొచ్చి బండి ఆపితే పావుగంటకే ఫోనొస్తది సార్, ఎందుకాగినవని. ఈడ మాత్రం అడుగరు. పులి పేరు చెప్తె ఊకుంటరు.”

“మరి సరుకు ఆలస్యం కాదా?” అన్నాను.

“అయితది. పొద్దుగాల గేటు దాటినంక ఆ గంటలు నేనే గుంజుకరావాలె. అవి యాడ రాస్తరు సార్?”